బంగారు రంగు డ్రిల్ బిట్ కథ

ఇంజనీరింగ్ రెండో ఏడు వర్క్‌షాప్‌లో మొదటిసారి చూశా, నిగనిగలాడే బంగారు రంగు డ్రిల్ బిట్. "ఏంటి సార్, డ్రిల్లుక్కూడా గిల్టు పూతా?" అని జోకేశా. ఇన్‌స్ట్రక్టర్ గారు నవ్వలేదు. "దాని వెనక ఎనభై ఏళ్ళ తంటా ఉంది నాయనా" అన్నారంతే. తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగమొచ్చింది, మెకానికల్ పుస్తకాలు అటకెక్కాయి. మొన్న ఇల్లు సర్దుతుంటే అవి బయటపడ్డాయి. ఆ తంటా ఏంటో ఇన్నాళ్ళకి చదివా.

విషయమేంటంటే, కటింగ్ టూల్ గట్టిగా లేకపోతే అరిగిపోతుంది. మరీ గట్టిదైతే గాజులాగా పెళుసు, దెబ్బకి విరుగుతుంది. రెండు గుణాలూ ఒకేదాంట్లో దొరకడం కష్టం.

1900లో పారిస్ ప్రదర్శనలో అమెరికాలోని బెత్లెహెం స్టీల్ వాళ్ళు, ఎర్రగా కాలినా పదును పోని టూల్‌తో ఉక్కుని కోసి చూపించారు. టేలర్, వైట్ అనే ఇద్దరు తయారుచేసిన హైస్పీడ్ స్టీల్ అది. 1926లో జర్మనీలో క్రుప్ కంపెనీ 'విడియా' పేరుతో టంగ్‌స్టన్ కార్బైడ్ తెచ్చింది. వజ్రం లాంటిదని ఆ పేరుకి అర్థం. చాలా గట్టిది, కానీ స్టీలు కంటే పెళుసు.

మరి ఉన్న టూల్ మీదే గట్టి పూత వేస్తే? 1969లో స్వీడన్ కంపెనీ శాండ్విక్, టైటానియం కార్బైడ్ పూతతో కార్బైడ్ ఇన్‌సర్ట్‌లు అమ్మకానికి పెట్టింది. పూత మందం కొన్ని మైక్రాన్లే, అంటే వెంట్రుక మందంలో పదోవంతు అటూఇటూ.

చిక్కంతా ఇక్కడే. వాయువుల నుంచి పూత పేర్చే ఆ సీవీడీ పద్ధతికి దాదాపు 1000 డిగ్రీల వేడి కావాలి. కార్బైడ్ తట్టుకుంటుంది. హైస్పీడ్ స్టీల్ మాత్రం 600 దాటితే మెత్తబడుతుంది. మళ్ళీ కాచి గట్టిపరిస్తే కొలతలు మారిపోతాయి. డ్రిల్ బిట్లేమో ఎక్కువగా ఆ స్టీలువే!

1980 ప్రాంతంలో పీవీడీతో దారి దొరికింది. గాలి తీసేసిన ఛాంబర్‌లో టైటానియాన్ని ఆవిరి చేసి, నైట్రోజన్‌తో కలిపి, 500 డిగ్రీల లోపే పూతగా పేరుస్తారు. అలా వచ్చే టైటానియం నైట్రైడ్ రంగే ఆ బంగారు రంగు. హైస్పీడ్ స్టీలుకి రెండింతలకి పైగా గట్టిది. సానపడితే మొన దగ్గర పూత పోతుంది గానీ, గాడిలో మిగిలింది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

ఏదైనా పాతబడగానే మొత్తం తిరగరాద్దాం అంటాం మనం. వీళ్ళు లోపలి స్టీలు జోలికి పోలేదు, పైన రెండుమూడు మైక్రాన్లు కలిపారంతే.

నా పుస్తకంలో టేలర్ పేరుంది. ఆ వేడిని సగానికి దించినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. నేను గిల్టని నవ్వింది వాళ్ళ పనిని చూసే.