వాడిన దండలు

మా నాయనమ్మ పోయిన రోజు ఆవిడ మీద వేసిన చామంతి దండల్లోంచి ఒక పువ్వు తీసి జేబులో వేసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆ రాత్రే చేతికందిన ఒక నవల మధ్య పేజీల్లో పెట్టి మూసేశాను. పదకొండో రోజున అది అమ్మ కంటపడింది. “శవం మీద పువ్వు ఇంట్లో పెట్టుకుంటార్రా ఎవరన్నా?” అంది. కోపంగా కాదు, భయంగా. పారేస్తానని చెప్పి, పారెయ్యకుండా పుస్తకంతో సహా హైదరాబాదు తెచ్చేసుకున్నాను.

అమ్మ మాటకి జవాబు వెతుక్కుంటూ నేను ఈజిప్టు దాకా వెళ్ళాను. విమానంలో కాదు, రాత్రిళ్ళు ఆఫీసు పనయ్యాక మ్యూజియం వెబ్‌సైట్ల మీదుగా. శవాల మీది పూలు మూడు వేల ఏళ్ళు దాటి మిగిలిన చోటు అది.

1881లో లక్సర్ దగ్గర, నైలుకి పడమటి గట్టున దేర్ ఎల్ బహ్రీ కొండల్లో ఒక రహస్య సమాధి బయటపడింది. అందులో ఒక్క రాజు కాదు, ఒక గుంపు. అహ్మోస్, మొదటి అమెన్‌హోటెప్, రెండో రామ్సెస్... వీళ్ళ అసలు సమాధుల్ని దొంగలు దోచుకుంటూ ఉంటే, తర్వాతి కాలపు పూజారులు ఆ మమ్మీలని తీసి, చినిగిన చోట మళ్ళీ బట్టలు చుట్టి, దండలు వేసి, అందర్నీ ఒకచోట దాచిపెట్టారు. పేటికలు తెరిచేసరికి ఆ దండలు అలాగే ఉన్నాయి. మొదటి అమెన్‌హోటెప్ పేటికలో పూలతో పాటు ఒక కందిరీగ కూడా దొరికింది. పూల వాసనకి వచ్చి, మూత పడిపోయాక బయటికి పోలేకపోయి ఉంటుంది. ఆ మమ్మీ కట్లు ఈ రోజు వరకూ ఎవరూ విప్పలేదు. స్కానింగ్ ద్వారా లోపలేముందో చూసినవాళ్ళు కూడా కట్ల జోలికి పోలేదు.

గేఓర్గ్ ష్వైన్‌ఫుర్ట్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పూలని పరీక్షించాడు. ముట్టుకుంటే పొడైపోయే రేకుల్ని నీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి, విప్పి, పరిచి, నిన్న కోసిన మొక్కల్లా మళ్ళీ ఆరబెట్టాడు. ఎండిన పువ్వుని తడిపి మళ్ళీ ఎండబెట్టడమనే ఆలోచన చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ప్రొడక్షన్ సర్వర్ మీద టెస్ట్ చేసినట్టు. కానీ ఆయన పని వల్లే ఏ పువ్వు ఏదో తెలిసింది. ఆ జాబితాలో పేర్లు చూస్తే మనకి కొత్తగా అనిపించవు. నీలి కలువ రేకులు, కుసుమ పూలు, నల్లతుమ్మ పూలు. కుసుమ అంటే మన కుసుమ నూనె కుసుమే. పొలం గట్టు మీద ముళ్ళని తిట్టుకుంటూ దాటిపోయే తుమ్మచెట్టు, దాని పసుపుపచ్చ బంతుల్లాంటి పూలు, ఒక చక్రవర్తి ఛాతీ మీద!

ఆ దండలు దారానికి గుచ్చినవి కావు. ఖర్జూరపాకుని పీలికలుగా చీల్చి, ఒక పీలికని ఆధారంగా తీసుకుంటారు. చెట్టు ఆకు ఒకదాన్ని మధ్యకి మడిచి దాని మీద వేస్తారు. ఆ మడతలో ఒక కలువ రేకునో, ఒక చిన్న పువ్వునో దోపుతారు. తర్వాత ఇంకా సన్నటి పీలికతో అన్నిట్నీ కలిపి కుట్టుకుంటూ పోతారు. ఆకు పక్కన ఆకు, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా. అరటినారతో మాల కట్టడం కన్నా ఇది మన మల్లెపూల జడ కుట్టడానికి దగ్గర. పువ్వు ఎండి ముడుచుకుపోయినా ఆకు మడత దాన్ని పట్టుకునే ఉంటుంది. దండ రూపం చెడదు. మిగిలింది పువ్వనుకుంటాం గానీ, నిజానికి అక్కడ మిగిలింది కుట్టు.

ఆ మడిచిన ఆకుల్లో ఎక్కువగా కనిపించేది పెర్సియా అనే చెట్టు ఆకు. దాని శాస్త్రీయ నామం మిమ్యుసాప్స్ లారిఫోలియా. మిమ్యుసాప్స్ అన్న మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుని వెతికితే, మిమ్యుసాప్స్ ఎలెంగి అంటే మన పొగడ! రెండూ ఒకే ప్రజాతి. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను.

అందరికీ తెలిసిన కథ టుటన్‌ఖామున్‌ది. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ ఆ సమాధిని కనిపెట్టాడు. 1924 ఫిబ్రవరిలో రాతి తొట్టె మూత ఎత్తి చూస్తే, బయటి శవపేటిక మీద చెక్కిన రాజు నుదుటి దగ్గర, రాచరిక చిహ్నాలైన తాచుపాము, రాబందుల చుట్టూ ఒక బుల్లి పూదండ. రంగు ఇంకా లీలగా ఉందని రాశాడు. అంత బంగారం మధ్య తనకి అన్నిటికన్నా అందంగా కనిపించింది ఆ దండేనని, అది చిన్న వయసు రాణి భర్తకి ఇచ్చిన చివరి కానుక అయ్యుంటుందని ఊహించాడు. ఊహ బాగుంది, ఆధారం లేదు. ఎవరు కట్టారో, ఎవరు పెట్టారో దండ చెప్పదు. కార్టర్ ఇక్కడ పురావస్తువాది కుర్చీలోంచి లేచి నవలాకారుడి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆయన్ని తప్పు పట్టలేను. జేబులో చామంతి వేసుకున్నవాణ్ణి.

దండ నిజంగా చెప్పగలిగింది వేరే ఉంది. అన్నిటికన్నా లోపలి పేటిక మీద ఒక వెడల్పాటి పూల కంఠహారం ఉంది. పపైరస్ మీద వరసలు వరసలుగా ఆకులు, నీలం పూసలు, కార్న్‌ఫ్లవర్లు, మాండ్రేక్ కాయలు, ఎర్రటి చిన్న పళ్ళు కుట్టారు. పెర్సీ న్యూబెరీ అనే ఆయన వీటిని పరిశీలించి, ఇవి ఏ నెలల్లో పూస్తాయి, ఏ నెలల్లో పండుతాయి అని లెక్క వేశాడు. రాజుని మార్చి నడుమ నుంచి ఏప్రిల్ చివరిలోపు పాతిపెట్టారని తేల్చాడు. ఏ సంవత్సరమో సరిగ్గా చెప్పలేని మరణానికి పూలు రుతువుని చెప్పాయి. లాగ్‌లో తేదీ చెరిగిపోయి గంట మాత్రం మిగిలినట్టు.

వీటిని కాపాడటానికి ఏం చేశారన్నది నాకు ఆసక్తిగా అనిపించిన ఇంకో విషయం. సమాధి ముందు గదిలో దొరికిన పెద్ద పూలగుత్తుల మీద కార్టర్ బృందం సెల్యులాయిడ్ ద్రావణం చల్లింది. మూడు నాలుగు సార్లు చల్లాక చేత్తో ఎత్తగలిగారట. ఇవాళ ఎండుపూల బొకేలు చేసేవాళ్ళు చివర్లో హెయిర్‌స్ప్రే కొడతారు, చూశారా, అదే ఉపాయం. కానీ సెల్యులాయిడ్ అంటే పాత సినిమా రీళ్ళ పదార్థం. కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసెక్కి, తనే ఆమ్లాన్ని వదులుతుంది. ఒక తరం వేసిన రక్షణ తర్వాతి తరానికి తలనొప్పి అవుతుంది. ఈ ముక్క మా రంగంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

అసలు ఆ పూలు అన్నేళ్ళు ఉండటానికి ఎవరూ ఏమీ చెయ్యలేదు. చీకటి, పొడి గాలి, కదలిక లేకపోవడం. అంతే. ఎండిన పువ్వుకి శత్రువులు నాలుగు: వెలుతురు, తేమ, పురుగు, చెయ్యి. సమాధిలో ఆ నాలుగూ లేవు. మళ్ళీ ఎవరో చూస్తారని ఆ దండలు కట్టలేదు. చూడటం మొదలయ్యాకే వాటి పాడు మొదలైంది.

దీనికి మంచి ఉదాహరణ, 1907 చివర్లో టుటన్‌ఖామున్ సమాధికి దగ్గర్లోనే దొరికిన ఒక గొయ్యి. అమెరికన్ ధనవంతుడు థియొడోర్ డేవిస్ తవ్వకాల్లో బయటపడింది. అందులో పెద్ద పెద్ద కుండలు. కుండల్లో మమ్మీ చెయ్యగా మిగిలిన పీలికలు, ఉప్పు సంచులు, విందులో మిగిలిన ఎముకలు, పూల కంఠహారాలు. డేవిస్‌కి బంగారం దొరకలేదని నిరాశ. ఇన్నేళ్ళయినా ఎంత గట్టిగా ఉన్నాయో అతిథులకి చూపించడానికి హారాల్ని చింపారు కూడా. మిగిలినవి 1909లో న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంకి చేరాయి. ఇప్పుడు అక్కడ ఉన్న హారాలు మూడే. కుండల్లో దొరికినవన్నీ టుటన్‌ఖామున్ అంత్యక్రియలవని 1941లో హెర్బర్ట్ విన్‌లాక్ వివరంగా రాశాడు. ఆ హారాలు అంత్యక్రియల విందులో అతిథులు వేసుకున్నవని ఆయన అభిప్రాయం. తర్వాతివాళ్ళు దాన్ని అందరూ ఒప్పుకోలేదు.

నేను ఆగిపోయింది విందు దగ్గర కాదు. వాటిని కుండల్లో పెట్టి ఎందుకు పాతిపెట్టారన్న దగ్గర. విన్‌లాక్ చెప్పేదాని ప్రకారం, శవాన్ని తాకిన వస్తువుల్ని రాజు పక్కన సమాధిలో పెట్టలేరు, అవి మైల. అలాగని చెత్తలో పారెయ్యలేరు, అవి రాజువి. ఉంచుకోవడానికి లేదు, పారెయ్యడానికి లేదు. మధ్యలో ఒక చోటు కావాలి. ఇది చదివాక లేచి కాసేపు బాల్కనీలో నించున్నాను. మన భాషలో దీనికి మాట ఉంది. నిర్మాల్యం. దేవుడి మీంచి తీసిన పువ్వుని మళ్ళీ పూజకి వాడకూడదు, అలాగని తొక్కకూడదు. పారే నీళ్ళలోనో, ఎవరి కాలూ పడని చెట్టు మొదట్లోనో వెయ్యాలి. అమ్మ భయాన్ని నేను పల్లెటూరి చాదస్తం అనుకున్నాను. ఆవిడ అడిగింది ఆ కుండ ఎక్కడుందని.

మన దగ్గర పూలని నిలవ ఉంచే నేర్పు లేక కాదు. గునుగు పువ్వునే చూడండి. కాగితంలా ఉండి, నీరు తక్కువ కావడంతో ఎండినా ఆకారం చెడదు. తెలంగాణలో దాన్ని కట్టలు కట్టి, రంగులద్ది, బతుకమ్మలో వరసలుగా పేరుస్తారు. కావాలంటే ఏళ్ళ తరబడి అల్మరాలో పెట్టుకోవచ్చు. కానీ ఆడి పాడి ఆ రాత్రి చెరువులో వదిలేస్తారు. నిలవ ఉండే పువ్వుతో చేసి నీళ్ళకి ఇచ్చెయ్యడం, అది చేతకానితనం కాదు, నిర్ణయం.

ఇక నా చామంతి. చేసిన తప్పులన్నీ ఇప్పుడు తెలుస్తున్నాయి. తడిగా ఉన్న పువ్వు, మందమైన పువ్వు, వానాకాలం. ముందు చీకటిగా, గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వాలి. లేదా సిలికా జెల్‌లో కప్పిపెట్టాలి. అదీ కాదంటే పీల్చే కాగితాల మధ్య ఉంచి, ఆ కాగితాల్ని రోజూ మార్చాలి. నేను నవల మూసి అల్మరాలో పడేశాను. ఈజిప్టు తిరిగొచ్చి ఆ పుస్తకం తెరిస్తే లోపల బూజు పట్టిన నల్లటి ముద్ద. రెండు పేజీలు అంటుకుపోయాయి.

ఆ సంగతి చెప్పడానికే అమ్మకి ఫోన్ చేశాను. తిట్టలేదు. కాసేపాగి, “మీ నాయనమ్మ పెట్టెలో పొగడదండ ఉంది, నీకు తెలుసా?” అంది. పట్టుచీరల మధ్య నాయనమ్మ పెట్టుకున్నదట. ఎప్పటిదో ఎవరికీ తెలీదు. గోధుమరంగుకి తిరిగిపోయింది, వాసన మాత్రం పోలేదు. పొగడ అంతే, ఎండినా వాసన వదలదు. “మరి అది ఉంచుకోవచ్చా?” అన్నాను. “అది అత్తయ్య బతికుండగా తలలో పెట్టుకుంది. ఇది వేరు, అది వేరు” అంది అమ్మ. ఆ దండ ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది.

పెర్సియా సంగతి చెప్పాలనుకున్నాను. మూడు వేల ఏళ్ళ కిందట వాళ్ళు మడిచి కుట్టిన ఆకులు మన పొగడకి చుట్టాలని. ఫోన్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ఊరుకున్నాను. ఆదివారం ఉదయం చామంతి ముద్దని పేజీల్లోంచి జాగ్రత్తగా గీకి, బాల్కనీలో తులసి కుండీ మొదట్లో మట్టి కప్పాను. పుస్తకంలో మరక అలాగే ఉంది. ఆ రెండు పేజీల్లో కథ ఏమైందో నేనింకా చదవలేదు.