సికింద్రాబాదు పుట్టుక: పారిస్ సంధి వైపు నుంచి ఒక పరిశీలన

సికింద్రాబాదు చరిత్రను నిజాం ఇంగ్లీషువారితో చేసుకున్న 1798 సైన్య సహకార ఒప్పందంతో మొదలుపెట్టి, 1806లో దండు ప్రాంతానికి సికందర్ జా పేరు పెట్టడంతో ముగించడం మనకు ఆనవాయితీ అయింది. అంతకు ముందరి ఫ్రెంచి, ఇంగ్లీషు పోరు వేరే అధ్యాయంలో ఉండిపోతుంది. ఈ విడదీతకు చరిత్రకారుడు మాలెసన్‌ను తప్పుపట్టక తప్పదు. 1868లో వచ్చిన ఆయన గ్రంథం ఫ్రెంచి నాయకులు డూప్లే, బుస్సీల ప్రతిభనూ, వారిని ఆదుకోని ఫ్రాన్సు ఉదాసీనతనూ చెప్పినంత శ్రద్ధగా అసఫ్‌జాహీ వారసత్వ తగాదాను చెప్పదు. అసలు విషయం వ్యక్తుల ప్రతిభ కాదు; ఫలానావాడే హక్కుదారని ప్రకటించే అధికారం ఎవరిది అన్నదే.

స్పెయిన్ సింహాసనం కోసం 1701 నుంచి, ఆస్ట్రియా వారసత్వం కోసం 1740 నుంచి ఐరోపా రాజవంశాలు ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. అలాంటి తగాదాయే దక్కనులోనూ వచ్చింది: రెండో యుద్ధం ముగిసిన 1748లోనే అసఫ్‌జాహీ వంశ స్థాపకుడు నిజాముల్ముల్క్ కన్నుమూశాడు. ఆయన కొడుకు నాసర్ జంగ్, మనవడు ముజఫర్ జంగ్ ఒకరి వెంట ఒకరు హతులయ్యాక 1751లో బుస్సీ మరో కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. ఇక ఫ్రెంచి, ఇంగ్లీషు యుద్ధాన్ని ముగించిన 1763 ఫిబ్రవరి 10 నాటి పారిస్ సంధిలో పదకొండో అధికరణం చూడాలి. బూర్బన్ రాజు పదిహేనో లూయీ, హానోవర్ వంశపు మూడో జార్జి ఇద్దరూ సలాబత్ జంగే దక్కనుకు న్యాయమైన సుబేదారని అందులో ఒప్పుకున్నారు. అప్పటికే 1762లో తమ్ముడు నిజాం అలీ అతణ్ణి దించి బీదరు కోటలో పెట్టాడు. సంధి జరిగిన ఏడాదే సలాబత్ చెరలో చనిపోయాడు. పారిస్‌లో రాసిన పేరొకటి, దక్కనులో ఏలుతున్న మనిషి ఇంకొకడు. ఈ చిక్కును మాలెసన్ అనుచరులు చిన్న పొరపాటుగా దాటేస్తారు. తన గద్దెకు గుర్తింపు లేని నిజాం అలీ దాన్ని ఇంగ్లీషువారి నుంచి సంపాదించుకోవలసి వచ్చింది. ఉత్తర సర్కార్లను వారికి వదిలిన 1766 ఒప్పందంలో, బదులుగా అవసరమైతే సేన పంపుతామన్న మాట దొరికింది. సికింద్రాబాదు దండుకు విత్తనం అక్కడే పడింది.

ఆ మాట ఎంత నిలబడిందో 1795లో నిజాం మరాఠాలతో తలపడిన ఖర్దాలో తేలింది. మరాఠాలతో మైత్రి పేరు చెప్పి ఇంగ్లీషు పటాలాలు యుద్ధానికి రాలేదు. పోరాడింది నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమండ్ సేన. ఆ ఏడాదే నిజాం పెద్దకొడుకు అలీ జా తిరగబడితే అణచిందీ రేమండే. అంటే మరో కొడుకు సికందర్ జాకు గద్దె దారి తెరిచింది ఒక ఫ్రెంచి సేనాని! 1798 మార్చిలో రేమండ్ పోయాడు. సెప్టెంబరు ఒప్పందం ఫ్రెంచి అధికారులను తొలగించి, ఏటా సుమారు 24 లక్షల రూపాయల ఖర్చుతో ఆరు ఇంగ్లీషు పటాలాలను తెచ్చింది. అక్టోబరులో జీతాల బాకీ కోసం రేమండ్ సేనలోని సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. పద్నాలుగు వేల సేన దాదాపు రక్తపాతం లేకుండా ఆయుధాలు దించింది. ఖర్దా తర్వాత మరాఠాల బందీగా పూనాలో ఉండి తిరిగొచ్చిన దివాను అరస్తూ జా ఇంగ్లీషువారి వైపు మొగ్గకుండా ఇది జరిగేది కాదు.

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ భయమే అసలు కారణమన్న వాదం ఉంది. అది తొందరకు కారణం కావచ్చు, మూలం కాదు. టిప్పు 1799లో పోయినా దండు పోలేదు, 1800లో ఇంకా పెరిగింది. ఫ్రాన్సు రాజు పదహారో లూయీని 1793లోనే చంపారు కనుక వంశాల పోటీ ముగిసిందనడమూ చెల్లదు: వారసుణ్ణి నిలబెట్టే పని రాజులు పోయినా ఈస్టిండియా కంపెనీ చేతిలోనే ఉంది. 1803లో నిజాం అలీ మరణించినప్పుడు సికందర్ జా గద్దెకు గుర్తింపు వచ్చింది కలకత్తాలోని కంపెనీ ప్రభుత్వం నుంచే.