పెళ్ళి హక్కు, కాపురం దయ

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో 'వేవర్' అన్న మాట ఎక్కువగా డాక్టర్ల నోట వినిపిస్తుంది. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళకు, రెండేళ్ళు స్వదేశంలో ఉండిరావాలన్న షరతు నుంచి మినహాయింపు అది. బదులుగా డాక్టర్లు కరువైన ఏదో ఊళ్ళో మూడేళ్ళు పనిచెయ్యాలి. మెక్సికో సరిహద్దు వెంబడి అదే మాటకు వేరే బరువుంది. అక్కడ వేవర్ రాకపోతే భార్యాభర్తలు పదేళ్ళు విడిగా బతకాలి.

దీని మూలాలు వెతుకుతూ వెళితే ఒక పాత కథ తగులుతుంది. 1948 ఆగస్టులో ఎలెన్ క్నాఫ్ న్యూయార్క్ రేవుకు చేరింది. పుట్టింది జర్మనీలో, యుద్ధంలో పనిచేసింది బ్రిటిష్ వైమానిక దళంలో. భర్త అమెరికా పౌరుడు, మాజీ సైనికుడు. సైనికుల భార్యల కోసం 1945లో చేసిన చట్టాన్ని నమ్ముకుని వచ్చింది. ఎల్లిస్ ఐలండ్‌లో ఆపేశారు. దేశభద్రత అన్నారు, వివరం చెప్పలేదు, విచారణా జరపలేదు. 1950లో సుప్రీంకోర్టు 4-3తో ప్రభుత్వాన్నే సమర్థించింది. పరాయివాళ్ళకు ప్రవేశం హక్కు కాదు, ప్రభుత్వం ఇస్తే దొరికే అవకాశం అంది. చివరికి 1951లో విచారణ జరిగి, ఆధారాలు లేవని అప్పీళ్ళ బోర్డు తేల్చాక, నవంబరులో రానిచ్చారు. మూడేళ్ళు దాటిపోయాయి.

ఇక 1996. క్లింటన్ సంతకం చేసిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి వెళ్ళినవాళ్ళు మూడేళ్ళు, ఏడాదో ఆపైనో ఉండి వెళ్ళినవాళ్ళు పదేళ్ళు తిరిగి రాకూడదు. మెలిక ఎక్కడుందంటే, ఈ నిషేధం మొదలయ్యేది దేశం దాటాకే. వీసా లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాడు పౌరురాలిని పెళ్ళాడినా, గ్రీన్‌కార్డు కోసం సాధారణంగా సొంత దేశంలోని కాన్సులేట్‌కు వెళ్ళాల్సిందే. వెళితే నిషేధం, వెళ్ళకపోతే కాగితం లేదు.

దీన్నుంచి గట్టెక్కించేదే వేవర్. పౌరులో శాశ్వత నివాసులో అయిన జీవిత భాగస్వామికి గానీ, తల్లిదండ్రులకు గానీ 'తీవ్రమైన కష్టం' కలుగుతుందని రుజువు చెయ్యాలి. ఎడబాటు మామూలు కష్టమే, అదొక్కటే చాలదు. పిల్లల బాధ నేరుగా లెక్కలోకి రాదు. అది తల్లినో తండ్రినో ఎంత కుంగదీస్తుందో చూపించాలి. అందుకని ఇంటి అద్దె రసీదులు, బాకీల లెక్కలు, సైకాలజిస్టు రిపోర్టులు కట్టలు కట్టి పంపుతారు. అక్కడ ప్రేమలేఖ కంటే మందుల చీటీకే విలువెక్కువ.

మెక్సికోవాళ్ళ ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు జరిగేది సియుదాద్ హువారెజ్‌లో. నది దాటితే ఎల్ పాసో. మొదట్లో అక్కడ 'కుదరదు' అనిపించుకున్నాకే వేవర్‌కు అర్జీ పెట్టుకోవాలి. జవాబు వచ్చేదాకా ఒకరు అటు, ఒకరు ఇటు. 2013 మార్చి 4 నుంచి ఐ-601ఎ అన్న ఫారంతో దేశం దాటకముందే అడిగే వీలొచ్చింది. నిరీక్షణ తప్పలేదు గానీ, ఒకే కప్పు కింద జరుగుతోంది. అయితే అర్జీ పెట్టినంత మాత్రాన పని చేసుకునే అనుమతి రాదు, దేశం నుంచి పంపెయ్యరన్న భరోసా లేదు, కాదంటే అప్పీలు లేదు. ఈమధ్య ఈ ఎదురుచూపు కూడా మూడేళ్ళు దాటింది.

వేవర్ చేతికొచ్చాకైనా నిశ్చింత ఉందా? 2015లో సాండ్రా మున్యోజ్ అనే పౌరురాలి భర్త, వేవర్ మంజూరయ్యాకే, వీసా కోసం సొంత దేశం ఎల్ సాల్వడోర్ వెళ్ళాడు. కాన్సులేట్ వీసా ఇవ్వలేదు. నేరాల ముఠా మనిషన్న అనుమానమే కారణమని, కోర్టుకెక్కాక ఏళ్ళకు గానీ తెలియలేదు. అతను కాదంటూనే ఉన్నాడు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో తీర్పిచ్చింది: పరాయి దేశస్థుడైన భర్తను దేశంలోకి రానిమ్మని అడిగే ప్రాథమిక హక్కు పౌరురాలికి లేదు. ఆ తీర్పులో ఆసరాగా చూపిన పాత కేసుల్లో ఎలెన్ క్నాఫ్‌ది ఒకటి.

ఆ పెళ్ళి చెల్లదని మాత్రం ఎవరూ అనలేదు.