పాక నుంచి షామియానా దాకా

వార్షికోత్సవం బడి గోడ దాటి కాలనీలోకి వస్తే దాన్ని మనం వెరైటీ ప్రోగ్రాం అనేవాళ్ళం. రెండు పాటలు, ఒక కోలాటం, ఏకపాత్రాభినయం, మిమిక్రీ, చివర్లో హాస్య నాటిక. ఈ అలవాటు నేరేడ్‌మెట్‌లో పుట్టింది కాదు. తెలుగునాట దీని మూలం వెతుక్కుంటూ పోతే 1880లో రాజమండ్రిలో తేలతాం.

ఆ ఏడు ధార్వాడ నాటక సమాజం వారు రాజమండ్రి వచ్చి నాటకాలాడి వెళ్ళారు. వాళ్ళు వేసిన పాక మిగిలింది. అక్కడ తెలుగు పండితుడిగా ఉన్న కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత అందులోనే నాటకం ఆడించారు. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు ఆయన చేసిన తెలుగు రూపం ‘చమత్కార రత్నావళి’. కోర్టుల అవినీతి మీద రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’నీ విద్యార్థులే ఆడారు. ఇంజనీరును కాబట్టి నాకు ముందు ఆ పాకే కనబడుతుంది. స్తంభాలు, కప్పు, జనం కూర్చునే చోటు, అన్నీ ఇంకొకరి ఖర్చు! పంతులుగారి జీతంతో అయ్యే పనేనా అది?

రెండు నాటకాల్లో నాకు ‘వ్యవహార ధర్మబోధిని’ ముఖ్యం. లంచాల మీద ఆయన 1874లో పెట్టిన ‘వివేకవర్ధని’ పత్రికలో రాస్తూనే ఉన్నారు. కాని పత్రికకు చదువు కావాలి, నాటకానికి చెవులు చాలు. పైగా గ్రాంథికం తప్ప రాతకు పనికిరాదనుకునే రోజుల్లో ఈ నాటకంలో పాత్రల చేత వాడుక మాటలు పలికించారు. ఊరి వ్యవహారాన్ని ఊరి మాటల్లోనే, కుర్రాళ్ళ నోట, ఊరి ముందు పెట్టారన్నమాట. మరుసటి ఏడాది, 1881 డిసెంబరు 11న, ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఎదురు తిరిగితే విద్యార్థులు అండగా నిలిచారు. జనం ముందు నిలబడటం వాళ్ళకు ఆ పాకలోనే కొంత అలవాటై ఉంటుందని నా నమ్మకం.

మన దగ్గర భాష చిక్కు వేరు. కంటోన్మెంటు పక్క ఊరు, పైగా సైనిక్‌పురి నిండా రిటైరైన ఫౌజీ కుటుంబాలు. తెలుగు, తమిళం, మలయాళం, పంజాబీ, హైదరాబాదీ హిందీ అన్నీ ఒకే షామియానా కింద కూర్చునేవి. సైఫాబాద్‌లో 1961లోనే రవీంద్రభారతి వచ్చింది గాని, మనకు కాలనీ మైదానం, బల్లలు కలిపి కట్టిన స్టేజీ, అరువు మైకు. సంభాషణల నాటకం సగం మందికే అందేది. అందుకే మిమిక్రీకి అంత గిరాకీ. రైలు కూతకు అనువాదం అక్కర్లేదు గదా. మిమిక్రీని విడి కళగా నిలబెట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు మన వరంగల్ వారే, 1932లో పుట్టారు. ఆయనా బడి పంతులే.

నల్లా దగ్గర బిందెల కొట్లాట మీద మనవాళ్ళు వేసిన నాటిక కొందరికైనా గుర్తుండాలి. తమ గొంతులే పిల్లల నోట విని ఆ వీధి ఆడవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత ఒకావిడ లేచి, “గా మాట నాది గాదు, పక్కింటామెది” అని గట్టిగా అంది.

కందుకూరి నాటకాలు అచ్చులో ఉన్నాయి కాబట్టి నేటికీ చదువుకుంటున్నాం. మన నాటికలు నోటు పుస్తకాల్లోనే ఆగిపోయాయి. ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఒక్కటి మిగిలి ఉంటే, దయచేసి జిరాక్సు తీయించి సంఘానికి ఇవ్వండి.