తార్నాక తీగ, ఆగని అంతరిక్షం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడి, తొలి ఏళ్లలో నగరంలోని అద్దె భవనాల్లో నడిచి, తరువాత అడిక్‌మెట్ భూముల్లో స్థిరపడగా, అక్కడి ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. దాని అంచునే ఉన్న తార్నాక పేరు, తీగ అనే అర్థమున్న ‘తార్’, కావలి చౌకీ అనే అర్థమున్న ‘నాకా’ కలిసి ఏర్పడిందని చెబుతారు. ఆన్‌లైన్ ఆటల చరిత్రలోనూ ఇక్కడి విద్యార్థికి తీగే ద్వారం, తీగే కంచె అయింది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్ సేవను దేశప్రజలకు అందుబాటులోకి తేగా, 1998లో ప్రైవేటు సంస్థలకూ అనుమతి లభించడంతో, గంట లెక్కన రుసుము తీసుకునే నెట్ సెంటర్లు నగరాల్లో విస్తరించాయి. వాటిలో కౌంటర్ స్ట్రైక్ వంటి ఆటలు వేళ్లూనుకోవడానికి కారణం, ఒకే గదిలోని కంప్యూటర్లను కలిపే ‘లాన్’ ఉంటే చాలు, బయటి ఇంటర్నెట్‌తో పని లేకపోవడమే.

ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003 మే 6న విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ స్వభావం వేరు. ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలున్న ఒకే విశ్వంలో వేలాది మంది కలిసి ఖనిజాలు తవ్వి, వ్యాపారం చేసి, యుద్ధాలు సాగిస్తారు. ఆటగాడు లేచి వెళ్లినా అది ఆగదు కనుక అలాంటిదాన్ని నిరంతర లోకం అంటారు. నెలనెలా చందా, విదేశీ చెల్లింపులకు పనికివచ్చే కార్డు, సొంత కనెక్షన్ కోరే ఈ ఆట, 2004 నాటి జాతీయ విధానం సెకనుకు 256 కిలోబిట్లనే బ్రాడ్‌బ్యాండ్‌గా లెక్కించిన రోజుల్లో, గంటకింతని చెల్లించే విద్యార్థికి సులభంగా అందేది కాదు.

2016 నవంబరులో కొన్ని పరిమితులతో ఉచిత ప్రవేశం మొదలవడంతో, చందా ఆపి వెళ్లినవారికి మళ్లీ దారి తెరుచుకుంది. తిరిగి వచ్చినవారికి రేవులో నిలిపిన నౌకలు నిలిపినచోటే కనిపిస్తాయి. కూటములు, ధరలు మాత్రం మారిపోయి ఉంటాయి. 2014 జనవరిలో ఒకే పోరులో 75 టైటన్లు, అంటే అతిపెద్ద తరగతి నౌకలు, ధ్వంసమయ్యాయి. ఆ లోకంలో పోయినవి తిరిగి రావు, జరిగినవి చెరిగిపోవు.

ఈ కారణం చేతనే ఇటువంటి ఆటలకు చరిత్ర ఉంటుంది. భవనాల చరిత్రను రాసినంత శ్రద్ధతో విశ్వవిద్యాలయ పరిసరాల నెట్ సెంటర్ల చరిత్రనూ, వాటిని నడిపినవారు, అక్కడ ఆడినవారు మనమధ్య ఉండగానే, నమోదు చేయవలసి ఉంది.