ఆంగ్లేయ దేవాలయ గానమును నిలిపిన గ్రంథములు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని పెద్దలు నన్నాదేశించిరి. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను, పండితుడను గాను. అయినను పుస్తకమొకటి పోయినచో దానితో నేమేమి పోవునో చక్కగా తెలుపు కథ యొకటి ఇంగ్లండు దేశచరిత్రమున గలదు. అది యచటి ఆంగ్లికన్ దేవాలయములలో పాడు గాయకబృందముల కథ. వారికి పాడదగిన కృతులు ఎట్లు దొరకెను? దొరకినవి ఎట్లు నిలిచెను? ఈ రెండు ప్రశ్నలే యిచట విచార్యములు.

ముందుగా ఆ గానపద్ధతి కొంత తెలియవలెను. మన కచేరీలో గాయకుడొక్కడే రాగమును విస్తరించును. వారి దేవాలయములందో, బాలుర తారస్వరము మొదలు పురుషుల మంద్రస్వరము వరకు నాలుగైదు గొంతులు వేరువేరు స్వరగతులతో ఏకకాలమున పాడును. టామస్ టాలిస్ అను విద్వాంసుడు నలువది గొంతులకు ఒక కృతిని రచించెను. ఆ కాలమున ఒక్కొక్క గొంతునకు ఒక్కొక్క పుస్తకముండెడిది. ఏ యొక్క పుస్తకమునందును కృతి మొత్తము కానరాదు. గ్రామపు లెక్కలు తెలిసినవారికిది సుబోధము. అడంగలు మిగిలి చిఠ్ఠా చెదలపాలైనచో, మిగిలినది పూర్తి సాక్ష్యము చెప్పజాలదు గదా!

1549లో ఇంగ్లండు దేవాలయములందు లాటిను ప్రార్థనలకు బదులు ఇంగ్లీషు ప్రార్థనగ్రంథము ప్రవేశపెట్టబడెను. పాత పాటలు మూలబడెను. క్రొత్త మాటలకు క్రొత్త స్వరములు కావలసివచ్చెను. మరుసటి యేడు, అనగా 1550లో, జాన్ మెర్బెక్ ప్రార్థనవాక్యములకు సరళమైన స్వరములు కూర్చి అచ్చువేయించెను. పిదప టాలిస్, విలియం బర్డ్, ఆర్లాండో గిబ్బన్స్ మున్నగువారు ఉత్తమకృతులు రచించిరి. కాని యవి చాలవరకు చేతివ్రాతలలోనే యుండిపోయెను.

ఈ యపాయమును గుర్తించినవాడు జాన్ బార్నార్డ్. లండనులోని సెయింట్ పాల్ దేవాలయమున నాతడొక చిన్న యర్చకుడు. గతించిన విద్వాంసుల కృతులను సేకరించి 1641లో పది పుస్తకములుగా ముద్రింపించెను. గాయకులు ఎదురెదురుగా రెండు వరుసలలో నిలిచెదరు. వరుసకు ఐదేసి గొంతులు, గొంతునకొక పుస్తకము. అది మహాకార్యమే కాని, కాలము ప్రతికూలించెను. మరుసటి యేడే రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము పుట్టెను. 1644లో దేవాలయములందలి ఆర్గను వాద్యములను తొలగింపుమని శాసనమయ్యెను. 1645లో ప్రార్థనగ్రంథమే తొలగింపబడెను. గాయకబృందములు చెదరిపోయెను, పుస్తకములు చినిగెను, పోయెను. బార్నార్డ్ అచ్చువేయించిన పది పుస్తకములును ఒక్కచోట చెక్కుచెదరక దొరకుట నేటికిని దుర్లభము.

1660లో రాజు మరలివచ్చెను. గానమో, అంత సులభముగా మరలి రాలేదు. పదునైదేండ్ల యంతరమున బాలురు పెద్దవారైరి. పెద్దలు వృద్ధులైరి, గతించిరి. పాడువిధమునే మరచిన వారికొరకు 1661లో ఎడ్వర్డ్ లో అనునాతడు ఆక్స్‌ఫర్డునుండి ఒక చిన్న మార్గదర్శిని ప్రకటింపవలసివచ్చెను. విరిగిన వాద్యమును మరల చేయవచ్చును. తెగిన పరంపరను అతుకుట కష్టము.

తరువాత చేతివ్రాతలే మరల గతియయ్యెను. ప్రతిని చూచి ప్రతి వ్రాయగా తప్పులు పెరిగెను. లేఖకదోషములతో నిండిన మన తాళపత్రప్రతులను చూచినవారికిది వింత గాదు. మారిస్ గ్రీన్ అను విద్వాంసుడు ప్రతులను సేకరించి పరిష్కరింప మొదలిడి, పని పూర్తిగాక మున్నే 1755లో మరణించెను. ఆ సేకరణ విలియం బాయిస్ చేతికి వచ్చెను. బాయిస్‌నకు చెవుడు ముదురుచుండెను. తన చెవికి దూరమగుచున్న గానమును పరుల చెవులకొరకు పరిష్కరించి, 1760 నుండి 1773 వరకు మూడు సంపుటములుగా ఆతడు ప్రకటించెను. గొంతులన్నియు నొక్క పుటలోనే పైనుండి క్రిందికి కనబడునట్లు ముద్రించుటచే, కృతి యంతయు చదువరికి గోచరమయ్యెను.

అవి పెద్ద దేవాలయములకు తగిన పెద్ద పుస్తకములు. పల్లెలోని బీద బృందముల గతియేమి? ఈ కొరతను లండనునందలి నోవెల్లో ముద్రణాలయము తీర్చినది. 1840 దశకమున నది స్వల్పవెలకు చిన్న ప్రతులను అందజేసెను. 1844లో నారంభించిన పత్రికలో సంచికతోపాటు ఒక పాటను గూడ చేర్చి యిచ్చెను. విద్య నలుగురికి చేరుటకు పాండిత్యమెంత ముఖ్యమో, వెల తక్కువగుటయు నంతే ముఖ్యము.

1922లో ఎడ్మండ్ ఫెలోస్ అను పండితుడు డర్హాం దేవాలయపు ప్రతులలో బర్డ్ రచించిన 'గ్రేట్ సర్వీస్' అను మహాకృతిని కనుగొనెను. మూడు శతాబ్దములు గడచినను అది నశింపలేదు. అడుగువారు లేక మౌనముగా నుండెను. తాళ్లపాకవారి రాగిరేకులు తిరుమలలో వెలుగుచూచినదియు ఆ ప్రాంతముననే యనుట తెలుగువారికి ముచ్చట గొలుపు విషయము. గ్రంథాలయములకు విరాళములిచ్చి ప్రసిద్ధుడైన కార్నెగీ పేర వెలసిన ధర్మనిధి సాయముతో 1922 నుండి 1929 వరకు ఆ ప్రాచీనకృతులు పది సంపుటములుగా వెలువడెను. 1998లో నెలకొన్న కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ మూలమున ఇట్టి కృతులనేకము వెలలేకయే ఏ దేశపు బృందమునకైనను లభించుచున్నవి.

ఈ కథలో రాజులు తక్కువ; సేకరించినవారు, నకలు వ్రాసినవారు, దిద్దినవారు, దాచినవారు ఎక్కువ. బార్నార్డ్ పుస్తకములు పదింటిలో నొకటి పోయినను ఒక గొంతు మూగవోవును. మన బీరువానుండి తీసికొనిపోయి తిరిగి యీయని పుస్తకమును అట్టిదే. దానిని మరల తెచ్చి యిచ్చుటకంటె ఈ రజతోత్సవమునకు మిన్నయైన కానుక లేదని నా విన్నపము.