‘ఒకటి రెండు చోట్ల వర్షం’.. ఆ చోటు ముదిగుబ్బేనా?

ఉదయం ఫోన్ తెరవగానే ‘రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు’ అని కనిపిస్తుంది. మీరు ధర్మవరంలోనో బెంగళూరులోనో ఉంటారు. ముదిగుబ్బలో నాన్న వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకుని ‘ఇవాళ వాన ఉందా?’ అని ఫోన్ చేస్తారు. ఏం చెబుతారు? వానను నమ్ముకుని ఎర్రనేలలో వేసే పంట ఇది. పదును చాలక మొలక ఎండిపోతే విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు రెండూ పోయినట్టే.

వాతావరణ శాఖ బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అనేది మాటవరసకు రాసింది కాదు, దానికో లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన నమోదవుతుందని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం. ‘అనేక చోట్ల’ అంటే సగం దాటినట్టు. అంటే ‘ఒకటి రెండు చోట్ల’ అన్న రోజు మీ ఊళ్లో చుక్క పడకపోయినా అంచనా తప్పినట్టు కాదు. నిజానికి పడకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఇక ఎంత పడుతుందన్నది. ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్కిస్తారు. 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లయితే తేలికపాటి, 64.4 వరకు మోస్తరు, 115.5 వరకు భారీ, 204.4 వరకు అతి భారీ వర్షం. ‘తేలికపాటి నుంచి మోస్తరు’ అంటే 3 మిల్లీమీటర్లూ కావచ్చు, 60 కూడా కావచ్చు! విత్తేవాళ్లకు ఆ రెంటికీ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

ఇంత దాటవేత ఎందుకంటే.. నైరుతి గాలులు పడమటి కనుమల్లోనే తేమంతా వదిలి ఇటు వస్తాయి. మనకు జూన్, జులైల్లో పడేది ఎక్కువగా మధ్యాహ్నపు ఎండకు పుట్టే ఉరుముల వాన. ఆ మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే, గంటా రెండు గంటల్లో కరిగిపోతుంది. 2025 మేలో మొదలైన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. అంతకుముందు అది 12 కిలోమీటర్లు. ఒక్క గడిలోనే ఒక పొలం తడిసి పక్క పొలం ఎండొచ్చు. సెప్టెంబరు, అక్టోబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే కథ వేరు. అది పెద్ద వ్యవస్థ కాబట్టి కొన్ని రోజుల ముందే తెలుస్తుంది. అప్పటి అంచనాను కాస్త ఎక్కువ నమ్మొచ్చు.

మరి ఏది చూడాలి? ఏప్రిల్‌లో వచ్చే ‘ఈ ఏడాది సాధారణ వర్షపాతం’ అనే ప్రకటన దేశం మొత్తానిది, దాంతో మండలంలో విత్తనం తేదీ తేల్చలేం. ఐదు రోజుల జిల్లా అంచనా పనుల ప్రణాళికకు, రైతుల కోసం మంగళ, శుక్రవారాల్లో వచ్చే బులెటిన్ పంట పనులకు ఉపయోగం. ఎరువు ఇవాళ చల్లాలా వద్దా అంటే మూడు గంటల తక్షణ హెచ్చరిక చూడండి. 2024 అక్టోబరు నుంచి పంచాయతీ స్థాయి అంచనాలూ వస్తున్నాయి. ఊరి పేరు ఉంది కదా అని గీత గీసినట్టు అక్కడే పడుతుందనుకోకండి. ఫోన్ యాప్ 40 శాతం అంటే, అలాంటి రోజులు పదిలో ఆరు పొడిగానే పోతాయి.

రంగుల విషయంలో మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే కదలాలి. ధర్మవరంలో గుంత మగ్గం ఉన్న ఇల్లయితే నారింజ రాగానే నూలు, పట్టు పైకి ఎత్తేయండి. గుంతలో నీళ్లు చేరాక చేసేదేమీ ఉండదు. పిడుగుల హెచ్చరికకు ‘దామిని’ యాప్ ఉంది. ఆపదలో 112 లేదా 1070కి ఫోన్ చేయొచ్చు.